ఉసికెవాగు కిమ్మతు

మీరు పోయినసారి వచ్చింది తొంభై ఆరు, ఎండకాలం. వానకాలమని రాసినదాన్ని కొట్టెయ్ బిడ్డా. ఎవడు రాసిండు దాన్ని? మీ సారేనా? వానకాలం మా ఊరికి జీపు వస్తదా? ఒక్క వాన పడ్డదంటే రాజురా నుంచి ట్రాక్టరు తెచ్చి గుంజాలె మీ జీపును. తొంభై ఆరు, మే నెల. తునికాకు కట్టలు కట్టే రోజులు. ముందు గది సరిగ్గ రాయి. తారీఖే తప్పయితే ఇగ లోపలిదంత ఏం ఒప్పుంటది?

కూసో. గా మంచం గట్టిదే, విరుగదు.

గ్లోరియా గదా నీ పేరు? లాల్‌పేట్ గాబ్రియేలు బిడ్డవు. నాకు యాదికుంది. మా నాయిన బొగ్గుబాయిల పనిచేస్తడు తాతా, ఇంట్ల తెలుగే మాట్లాడుతం, చదువు మాత్రం మరాఠీల అయిందని చెప్పినవ్. గప్పుడు రెండు జడలుండె నీకు. ఇప్పుడు ఒక్క జడ. చేతుల మాత్రం గదే అట్ట, గదే క్లిప్పు, గసొంటిదే ఫారం. నాలుగేండ్లల్ల నువ్వు పెద్దగయినవ్ గని మీ కాగితాలకు బుద్ధి రాలే.

అవ్వ ఏదంటవా? చెప్త. ఇంట్ల మనుషులెంతమంది అని గూడ అడిగినవ్. గది మొదటి ప్రశ్న, నాకెరికే. దానికి ఆఖరికి చెప్త. పోయినసారి నువ్వు అడుక్కుంట పోయినవ్, నేను చెప్పుకుంట వచ్చిన. ఈసారి నేను చెప్పుకుంట పోత, నువ్వు వినుకుంట కూసో. తప్పా?

నీళ్లు తాగుతవా? ట్యాంకరువే. అగో, మొఖం ఎట్ల పెట్టినవ్! వద్దులే. మీ సారు గూడ తాగలే గప్పుడు.

మీ సారంటే గా టోపీ సారు. పెద్ద అంచుల టోపీ, మెడల నల్ల తాడుకు కండ్లద్దాలు. ఏ ఊరి సంస్థనో ఏందో, దాని పేరు చెప్తే నాకు నోరు తిరగలే. జీపు దిగంగనే డబ్బ తెరిచి సీసల నీళ్లు తాగిండు. తాగి, మూతి తుడుచుకొని, మాకు నమస్కారం పెట్టి ఏమన్నడు? మీ వాగు నీళ్ల గురించి మాట్లాడనీకి వచ్చినమన్నడు. నేను గప్పుడే నవ్విన. నువ్వు గూడ తల కిందికి వంచి నవ్వినవ్, నేను సూడలేదనుకున్నవా?

గాయినెకు మా వాగు సూపెట్టిన. ఉసికెవాగు. ఎండకాలం గదా, పైకి నీళ్లు లేవు, ఉత్త ఉసికె. గాయిన ఒడ్డు మీదనే నిలబడి, "యాడుంది వాగు?" అన్నడు.

యాడుంది వాగు! గదే గాయిన నిలబడ్డది దేని ఒడ్డు మీదనో!

నువ్వు లాల్‌పేట్ పిల్లవు, మీకు నల్లాలుంటయ్, చెలిమె సంగతి నీకేం ఎరుక? వాగు పైకి ఎండుతది గని లోపల ఎండది. ఉసికెల మోకాలి లోతు గుంత తోడితే సన్నంగ ఊట వస్తది. గదే చెలిమె. సూడనీకి ఏం ఉండదు. దోసెడు నీళ్లు. ముంచితే మల్ల దోసెడు. మా ఊరి ఆడోళ్లు తెల్లారి పోయి, పాత నీళ్లు ఎత్తిపోసి, కొత్త ఊట వచ్చేదాంక కూసుండి ముంతతోని ముంచుకుంటరు. బిందె నిండనీకి ఎంత సేపన్నవడుతది. ఎవరి ముంత వాళ్లదే గని చెలిమె ఎవరిది గాదు. ఎవరు తోడినా అందరిది. గట్ల నలభై రెండు ఇండ్లు బతికినయ్.

టోపీ సారు గా ఉసికెల కాలు గూడ పెట్టలే. రాజురా మార్కెట్ల పత్తి దళారి ఉంటడు గదా, దొంగ నాయాలు, వాడు గూడ బోరెంల చెయ్యి పెట్టి పత్తి పీకి, ఏళ్లతోని సాగదీసి సూసి గప్పుడు ధర చెప్తడు. మీ సారు వాగు ముట్టకుంటనే వాగుకు ధర కడత అని వచ్చిండు. దళారికి ఉన్న ఇమాన్ గూడ లేకపాయె.

ఇంకో మేడం వచ్చింది గదా, చేతుల గడియారం పట్టుకొని? ఆడోళ్లు నీళ్లకు పోయేటందుకు ఎంత టైము పడుతదో సూస్తనని మా ఇంటామె రాజక్క ఎంటవడ్డది. పొంగ పదకొండు నిమిషాలు, రాంగ పద్నాలుగు. రాసుకున్నరు గదా? తప్పు! మా రాజక్క గట్ల నడువనే నడువదు. ఆరు నిమిషాలల్ల పోయి, బిందె నెత్తి మీద పెట్టుకొని ఎనిమిది నిమిషాలల్ల వస్తది. గానాడు మెల్లగ నడిచింది. ఎందుకో ఎరికేనా? మేడం ఎత్తు చెప్పులు ఉసికెల దిగబడుతున్నయని! పాపం, పట్నపామె, ఎనకవడితే మంచిగుండదని అడుగుల అడుగేసి నడిచింది. మర్యాదకు నడిచిన నడకను మీరు లెక్క గట్టుకున్నరు.

గా టైముకు మల్ల ధర! మొగోళ్ల కూలి ముప్పై, ఆడోళ్ల కూలి పదిహేను. నీళ్లు తెచ్చుడు కూలి పని గాదు గాబట్టి గా పదిహేనుల మూడో వంతే పట్టుకోవాలెనని మేడం చెప్పింది. నువ్వే గదా తెలుగుల చెప్పినవ్. రాజక్క బిందె దించి ఏమన్నది? "ఓ బిడ్డా, పొలంల సగం మనిషినైతి, వాగుల మూడో వంతు మనిషినైతి, ఇంట్ల ఇంకెంత మిగులుత?" అన్నది. ఆడోళ్లంత ఇరగబడి నవ్విండ్రు. మేడం గూడ నవ్వింది. ఎందుకు నవ్విండ్రో మేడంకు సమజ్ కాలే.

నవ్వద్దు మరి, గిప్పుడు నవ్వద్దు. సగమే చెప్పిన.

బడి అరుగు మీద కూసోబెట్టిండ్రు మమ్ముల. రెండు ఫోటోలు సూపెట్టిండ్రు. ఒకదాంట్ల తెల్లటి నీళ్లు, పెద్ద పెద్ద రాళ్లు, పచ్చటి చెట్లు. ఇంకోదాంట్ల నల్లటి బురద. "వాగు గిట్ల ఉండాల్నా, గట్ల ఉండాల్నా?" నేను ఫోటో పట్టుకొని అన్న, అయ్యా, గిది మా వాగు గాదు. మా వాగుల రాళ్లే లేవు. ఎవని వాగు ఇది? మీ సారు ఏమన్నడు? "అనుకోండి" అన్నడు. అనుకోవాల్నట.

గాయిన నోట్లె గదొక్కటే మాట బిడ్డా, అనుకోండి, అనుకోండి. కొత్త బొగ్గు గని వస్తదనుకోండి. గది అనుకునుడేంది, అప్పటికే మా చెలకలల్ల ఎర్రజెండాలు పాతిపెట్టిండ్రు! గని తవ్వితే బొగ్గు మీది మట్టి ఎత్తి యాడనో పోయాలె. వాగుల పోస్తె కంపెనీకి అగ్గువ. వాగును ఊరి అవతలికి మలిపి, మట్టిని దూరం పోస్తె ఖర్చెక్కువ. వాగును కాపాడనీకి ఒక నిధి పెడుతరనుకోండి. ఇంటికి ఏడాదికి వంద రూపాయలు. ఇస్తరా?

ఎవలు పెడుతరు నిధి అన్న. అనుకోండి అన్నడు. ఎవల చేతుల ఇయ్యాలె అన్న. నిజంగ ఇయ్యద్దు, అనుకోండి అన్నడు. మరి నిజంగ ఇయ్యకపోతె వాగు నిజంగ ఉంటదా అన్న. గప్పుడు టోపీ తీసి తల గోక్కున్నడు.

మల్ల మొదలువెట్టిండు. వంద ఇయ్యరా? యాభై? యాభై గాకపోతె ఇరవై అయిదు? పది? నేను చాన హర్రాజులు సూసిన. ఎడ్ల హర్రాజు, ఇప్పపువ్వు హర్రాజు, జప్తు చేసిన సామాన్ల హర్రాజు. యాడనన్న పాట పైకి పోతది. కిందికి పోయే పాటను గానాడే సూసిన.

నాకు మండింది. లేచి నిలబడ్డ. "సారూ, మా తాత కాలం సంది తాగే వాగు. మేం పాడు చేస్తలేం. పాడు చేసేటోడు బొగ్గు తవ్వేటోడు. పైసలు వాన్ని అడుగు. మా నీళ్లు మేం తాగనీకి మేమెందుకు ఇయ్యాలె? పైసా ఇయ్యం. వంద గాదు, పది గాదు, ఒక్క పైసా ఇయ్యం" అన్న.

చెప్పు బిడ్డా, నువ్వుంటివి గదా ఆడ. నేనన్నదాంట్ల తప్పుందా? లేదు గదా. ఇప్పటికీ లేదంట. మాట తప్పు గాదు. మాట ఒప్పే.

ఊరోళ్లు సప్పట్లు కొట్టిండ్రు. గా సప్పట్లే నన్ను చెడగొట్టినయ్ కావచ్చు.

గప్పుడు నేను చేసింది నీకు యాదికుందా? మీ ఇద్దరు పెద్దోళ్లు నీడకు జీపుల కూసున్నరు. నువ్వు ఫారాలు పట్టుకొని ఇంటింటికి బయలెల్లినవ్. నీ ముంగట నేను నడిచిన. ఎవలన్న పొరపాటున పదో ఇరవయ్యో చెప్తరేమోనని. ప్రతి వాకిట్ల నిలబడి, "పైసా ఇయ్యమని చెప్పుర్రి. సున్న రాయిపియ్యిర్రి" అన్న.

పక్కింటి బాపయ్య ఏమన్నడు? "పోశమన్నా, ఉత్త కాగితమే గదా, పది రూపాయలు రాయిపిస్తే ఏం పోతది? వాగు మీద మనకు పానం ఉన్నదని తెలుస్తది గదా" అన్నడు. నేను అందరి ముంగట వాన్ని తిట్టిన. ఇయ్యాల పది రాయిపిస్తవ్, రేపు పన్ను గట్టుమని తలారి వస్తడు, నీకు తెలివి లేదురా, నీ అయ్యకూ లేకుండె అన్న. చచ్చిపోయిన వాళ్ల అయ్యను గూడ ఇడిసిపెట్టలే. బాపయ్య సున్న రాయిపిచ్చిండు.

నలభై రెండు ఇండ్లు. నలభై రెండు సున్నలు. కొన్ని నీ చేతిల నుంచి పెన్ను గుంజుకొని నేనే రాసిన. గుండ్రంగ, మంచిగ రాసిన.

మా ఇంటికి వచ్చినం. ఈ వాకిలే. రాజక్క గీడనే తునికాకు కట్టలు కడుతుండె. నువ్వు నన్ను అడుగక ముందే ఆమె అన్నది, "బిడ్డా, నేనొక మాట చెప్తా? నా దగ్గర పైసలు లేవు. నాలుగు మేకలున్నయ్. ఏడాదికో మేకపిల్లనిస్త. వాగును ఉంచుమని చెప్పు మీ సారుకు."

నువ్వు పెన్ను పట్టుకొని నిలబడ్డవ్. మేకపిల్లను యాడ రాయాల్నో నీకు తెలువలే. రూపాయలల్లనే చెప్పాలె అవ్వా అన్నవ్. మేకపిల్లకు సంతల ఎంత వస్తదని నువ్వు మెల్లగ అడుగుతున్నవ్. మంచి పిల్లవు, నువ్వు అడిగినవ్. నేను మధ్యల వడ్డ.

"ఇంటి పెద్దను నేను. ఫారంల ఇంటి పెద్ద మాటనే రాయాలెనని లేదా? సున్న రాయి" అన్న.

ఉన్నది మరి ఫారంల. ఇంటి పెద్ద జవాబు అని మీదనే మరాఠీల అచ్చేసి ఉన్నది. నేను చదువుకున్న. రాజక్క నా దిక్కు సూసింది. కట్ట కట్టుకున్నది.

ముప్పై ఎనిమిదేండ్లు గా చెలిమె తోడిన మనిషి ఆమె. నేను? నేను ఒక్కనాడన్న గా చెలిమెల ముంత ముంచలే. ఒక్కనాడు! నాకు నీళ్లు చెంబుల వస్తయ్, అంతే నాకు తెలిసింది. అయినా జవాబు నాది.

తర్వాత ఇంకో గడి ఉండె. ఎందుకు ఇయ్యరు, కారణం చెప్పాలె. ఒకటి, పైసలు లేవు. రెండు, వాగుతోని మాకు అక్కెర లేదు. మూడు, ఇతర కారణం. నువ్వు మూడో దాని మీదికి పెన్ను తీసుకపోయి ఆగినవ్. ఏందని అడిగితె, "మూడు ఎక్కువ కొట్టద్దన్నడు సారు, కంప్యూటర్ల పట్టదట" అన్నవ్. నేను ఒకటి కొట్టనియ్యలే. పైసలు లేవని రాస్తవా, మేం బిచ్చగాళ్లమా అన్న. మరి రెండు కొట్టాల్నా తాతా అన్నవ్.

రెండే కొట్టు అన్న.

నువ్వు మోసం చెయ్యలే బిడ్డా. చదువురానోన్ని చేసి రాసుకపోలే. నాకు మరాఠీ చదువొస్తది. "వాగుతోని అక్కెర లేదు." చదివిన. చదివి, గీ కాగితం ముక్క ఏం చేస్తదిరా అనుకున్న. టోపీవాడు, గడియారప్పామె, వీళ్లు లెక్కల మనుషులు గాదు, నాటకపోళ్లు అనుకున్న. వాళ్లంటే నాకు గంత చులకన. కింద దస్కతు పెట్టిన. పోశం అని, పూర్తి పేరు, వంకర లేకుంట. వేలిముద్ర ఎయ్యలే.

పోంగ నువ్వు ఇంటికో స్టీలు గిన్నె ఇచ్చినవ్, మాట్లాడినందుకు. రాజక్క దాన్ని చెలిమెకు తీసుకపోయింది. ముంత కన్న మంచిగ ముంచుతున్నదని మురిసింది.

తర్వాత? తర్వాత ఏముంది, ఏడాదిన్నర దాంక ఎవడూ రాలే. మేం మర్చిపోయినం.

తొంభై ఎనిమిది చలికాలం, రాజురాల పెద్ద మండపమేసిండ్రు. సర్కారు సునావణి. జనం మాట వింటరట. నేను, రాజక్క, బాపయ్య, ఊరంత రెండు ట్రాక్టర్లల్ల పోయినం. సర్కారు సాహెబు కూసున్నడు, కంపెనీవాళ్లు కూసున్నరు. ఒకడు లేచి చదువుడు మొదలువెట్టిండు. వాగును మలిపితె గింత ఖర్చు. మలిపితె ఊరోళ్లకు లాభం ఎంత? దానికి పెద్ద సంస్థోళ్లు సర్వే చేసిండ్రు, నలభై రెండు ఇండ్లు అడిగిండ్రు. గా వాగుతోని అక్కెర లేదని ఊరోళ్లే చెప్పిండ్రు. ఊరోళ్ల లెక్కల్నే గా వాగు కిమ్మతు సున్న.

గట్ల చదివిండు. కండ్లు గూడ ఎత్తలే. పాల ధర చదివినట్టు చదివిండు.

నేను లేచిన. అబద్ధం అని అరిచిన. సాహెబు మంచోడే, కోపం చెయ్యలే. ముంగటికి రమ్మన్నడు. కట్టల నుంచి నా ఫారం తీపిచ్చి నా ముంగట పెట్టిండు. "హీ సహీ తుమచీచ కా?" అన్నడు. ఈ దస్కతు నీదేనా అని.

నాదే.

గప్పుడు సాహెబు మెల్లగ ఏమన్నడో ఎరికేనా? గిది నేను ఇంతవరకు ఎవ్వలికీ చెప్పలే. ఊరోళ్లు ఎనుక కూసున్నరు, వాళ్లకు ఇనవడలే. "తాతా, వీళ్లు తప్పుగ రాసుకున్నరేమో. నువ్వు చెప్పు, అడిగింది మాకు సమజ్ కాలేదని చెప్పు, నేను సర్వే మల్ల చేపిస్త. నువ్వు ఏమన్న ఇస్తనంటవా, పది రూపాయలన్న? గంత చెప్తే చాలు" అన్నడు.

సమజ్ కాలేదని చెప్పాల్నట! పోశంకు సమజ్ కాలేదట! మంది ముంగట, బాపయ్య ముంగట, నేను తిట్టిన ఆ బాపయ్య ముంగట, పది రూపాయలిస్తనని చెప్పాల్నట!

ఎనుక ఆడోళ్లల్ల నుంచి రాజక్క లేచింది. "సాహెబూ, మేకపిల్ల..." అన్నది. నేను మర్లి సూసి, "కూసో" అన్న. గంత మండపంల గొంతెత్తి అన్న. కూసున్నది.

మల్ల సాహెబుతోని అన్న. సమజ్ అయ్యే రాసిన. నా చేత్తోని రాసిన. ఇప్పుడడిగినా గదే రాస్త. పైసా ఇయ్య.

సాహెబు ఫారం కట్టల పెట్టిండు.

బయటికి వస్తె ఊరోళ్లు నన్ను మెచ్చుకున్నరు తెలుసా! పోశమన్న సాహెబుకు గూడ తల వంచలేదని. బస్టాండు కాడ చాయ తాపిచ్చిండ్రు. తాగిన.

తొంభై తొమ్మిది ఎండకాలం లారీలు వచ్చినయ్. పైకెల్లి మొదలువెట్టి మట్టి పోసుకుంట వచ్చిండ్రు. రోజింత. మా చెలిమె కాడికి వచ్చేదాంక పదిహేడు రోజులు పట్టింది. ఆఖరినాడు రాజక్క గా స్టీలు గిన్నె పట్టుకొని పోయింది. లారోళ్లు వద్దన్నా దిగి, ఉసికె తోడి, గిన్నెడు నీళ్లు ముంచుకొచ్చింది. ఇంట్లకు తెచ్చి నాకిచ్చింది. నేను ఎప్పటి లెక్కనే గటగట తాగి గిన్నె కింద పెట్టిన. గప్పుడు చెప్పింది, గవే ఆఖరి నీళ్లని.

ముందు చెప్తే మెల్లగ తాగకపోదునా? ఎందుకు చెప్పలేదే అని అడిగిన. "చెప్తే నువ్వు తాగకపోదువు. మొండికేద్దువు" అన్నది.

ట్యాంకరు రెండ్రోజులకొకసారి వస్తది. ఊర్లెకు రాదు, సడక్ మీద ఆగుతది. రాకపోతె ఆడోళ్లు గా మట్టిగుట్ట ఎక్కి అవతలికి పోతరు. ఆడ అడుగున ఇంకా కొంచెం ఊట కారుతది. ఊట ఉండకేం చేస్తది, వాగు చచ్చిందా? మీద మట్టి పోస్తె లోపల నడుస్తనే ఉంటది. ఆగస్టుల మూడు రోజులు ట్యాంకరు రాలే. వాన తుంపర పడుతుండె. రాజక్క బిందె పట్టుకొని గుట్ట ఎక్కింది. దిగంగ కాలు జారింది. తుంటి ఇరిగింది.

ఎడ్లబండిల వేసి సడక్ దాంక, ఆడికెల్లి చంద్రపూర్‌కు. కట్టు కట్టిండ్రు. అరవై దగ్గరవడ్డ బొక్క, అతుకుతదో లేదో అన్నరు. తెచ్చి గీ మంచంలనే పండబెట్టిన. నువ్వు కూసున్న మంచమే. లేవకు, కూసో. మూడు నెలలున్నది. నేనే నీళ్లు తెచ్చిన గా మూడు నెలలు. గుట్టెక్కి, దిగి. గంటన్నర పట్టేది నాకు. ఒకనాడు బిందె దించితె నా దిక్కు సూసి నవ్వి, "ఇగో, నువ్వు గూడ మూడో వంతువైతివి" అన్నది.

ఏడువకు బిడ్డా. ఫారం తడుస్తది.

ఏంది? ఏమంటున్నవ్? మల్ల చెప్పు.

అట్లనా! కోపంతోని చెప్పిన సున్నలను లెక్కల కలపద్దని, పక్కకు పెట్టాలెనని వాళ్ల పుస్తకాలల్లనే రాసి ఉన్నదా? గట్ల చెప్పేటోళ్లు ఉంటరని వాళ్లకు ముందే ఎరుకనా? దానికి పేరు గూడ ఉన్నదా? బాగున్నది! నా మొండితనానికి గూడ వాళ్ల దాంట్ల ఒక గడి ఉన్నదన్నట్టు! మరి పెట్టలేదేం పక్కకు? ఎందుకు పెట్టలే? రిపోటుకు గడువు దగ్గరికి వచ్చిందా? వచ్చిందిలే. తొందరుంటది, పెద్ద మనుషులు. టోపీ సారుకు తర్వాత పెద్ద పదవి వచ్చిందంటివి గదా. రావాలె మరి. వాగును ముట్టకుండ వాగు ధర చెప్పినోడు, పదవిని ముట్టకుండ ఎట్లుంటడు?

వాన్ని నేను తిట్టనీకి ఏం కష్టం లేదు. పొద్దుందాక తిట్టగల. నాలుగేండ్ల సంది తిడుతనే ఉన్న. గని తిట్టి తిట్టి యాడికో ఒకాడికి వచ్చి ఆగుతున్న బిడ్డా. వాడు ధర అడిగిండు, సున్న చెప్పింది నేను. రెండు కొట్టుమన్నది నేను. కూసో అన్నది నేను. సాహెబు మల్ల అడిగితె గదే మాట అన్నది నేను. నా మాట ఒప్పే. ఒప్పు మాటను పట్టుకొని నిలబడ్డ. నిలబడ్డది నేను, గుట్ట ఎక్కింది ఆమె.

ఇగ చదువు నీ కొత్త ఫారం. ఈసారి ఏం అనుకోవాలె?

వాగు పోయింది గాబట్టి ఎంత ఇస్తె మనసు సల్లవడుతది? గిదా ప్రశ్న! గప్పుడు ఎంత ఇస్తవని అడిగిండ్రు, గిప్పుడు ఎంత తీసుకుంటవని అడుగుతున్నరు. వీళ్లకు నోరు తెరిస్తె ఎంత అనే మాటొక్కటే వస్తదా?

రాసుకో. ఏడాదికో మేకపిల్ల. గంతే. నాది గాదు గా జవాబు, గా మనిషిదే, నాలుగేండ్లు ఆలస్యమయింది. ఏంది, పట్టదా? ఇప్పుడు గూడ పట్టదా గడిల? అయితె ఉత్తగ ఉంచు. సున్న మాత్రం రాయకు. నీకు మొక్కుత, సున్న రాయకు.

దస్కతా? పెట్ట. నీ దగ్గర సిరా డబ్బ ఉంటె తియ్యి, వేలిముద్ర ఏస్త. ఏసినంక తుడుచుకోనీకి నీళ్లు గూడ అడుగ నిన్ను.

ఇగ మొదటి ప్రశ్న మిగిలింది గదా. ఇంట్ల మనుషులెంతమంది. పోయినసారి రెండు అని రాసినవ్. రాజక్క పోయిన నవంబరుకు ఏడాదయింది.

ఒకటి రాయి.